నీలికళ్ళ పాప

చెల్లీ శ్రీరమ్యా,

నువ్వు పంపిన పాప ఫోటో చూసి అమ్మ "మనింట్లో ఇంకో దొరసాని పుట్టిందే!" అని మురిసిపోయింది. ఆ నీలికళ్ళు, నుదుటి మీద ఆ తెల్లజుట్టు పాయ చూడగానే నాకు మాత్రం గుండె జారింది. మా భానుశ్రీవీ అవే కళ్ళు, అదే తెల్లజుట్టు. ఊరంతా చూపించుకుని తిరిగాం. మిరప కల్లంలో ఎంత పిలిచినా పలకలేదని, పొగరనుకుని దాన్ని కొట్టాను కూడా.

మొన్న గుంటూరులో డాక్టరు గారు, "ఈ కళ్ళు, ఈ జుట్టు, చెవుడు, అన్నీ ఒకే జన్యులోపం గుర్తులమ్మా. ఆరేళ్ళూ ఏం చేశారు?" అన్నారు. మాటలు రాకపోతే దిష్టి తీస్తూ కూర్చున్నానని ఎలా చెప్పను?

అమ్మ ఇప్పటికీ "డాక్టర్లు అలాగే అంటార్లే" అంటోంది. నువ్వు ఆ మాట వినకు. ఈ వారమే పాపకు చెవుల పరీక్ష చేయించు. వినపడకపోయినా, పాపకు ఏడాది నిండేలోపు వైద్యం మొదలుపెడితే మాటలొస్తాయట.

భానుశ్రీ నన్ను ఇంతవరకూ అమ్మా అని పిలవలేదు.

అక్క