కుండ జరిపినందుకు

ఏమండీ,

పెద్ద చేపను షాపులో తిరిగిచ్చేయడానికి వీల్లేదు. బకెట్టు నేనే దాచేశాను, వెతక్కండి. సాయంత్రం రెండింటికీ కలిపి చిటికెడు మేత వేస్తే చాలు.

ఇన్నాళ్ళూ చిలకా గోరింకల్లా ఉన్న మన క్లౌన్ చేపలు ఆదివారం నుంచి ఒకటే రభస. పెద్దావిడ తన మొగుణ్ణి, ఆ చిన్నోణ్ణి, తొట్టంతా తరిమి తోక కొరికింది. మీరేమో "దానికి పొగరెక్కింది" అని తీర్పు చెప్పేశారు. పొద్దున షాపాయనకి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "తొట్టిలో ఏమైనా సర్దారామ్మా?"

సర్దారు కదా! శుభ్రం చేస్తూ, అందంగా ఉంటుందని మట్టికుండని ఆ మూల నుంచి ఈ మూలకి మార్చారు. ఆ కుండ ఆవిడ ఇల్లట. ఇల్లు ఉన్నచోట లేకపోతే ఆ కోపం ఎవరి మీద చూపిస్తుంది? పక్కనున్న మొగుడి మీదే.

కుండని పాత చోటే పెట్టాను. నేను జడ వేసుకునేలోపు ఆవిడ లోపలికెళ్ళి కూర్చుంది. చిన్నోడు వణుక్కుంటూ గుమ్మం దగ్గర నిలబడితే, కాసేపు బెట్టుచేసి, రానిచ్చింది. పాపం, అచ్చం మిమ్మల్ని చూసినట్టే ఉంది.

బస్సు టైమైంది, వెళ్తున్నా.

అన్నట్టు, అదే ఆదివారం నా కుట్టుమిషను కూడా కిటికీ దగ్గర్నుంచి బీరువా పక్కన చీకట్లోకి వెళ్ళింది. నేనొచ్చేసరికి అది తన చోట ఉండాలి. చిన్నోడి తోక ఒకసారి చూడండి. మీకు తోక లేదు కదా అని ధీమాగా ఉండకండి.