తువ్వాల కింద మందుల బేరం

శ్రీయుత జిల్లా ఔషధ నియంత్రణ అధికారి గారి సముఖమునకు, సంగారెడ్డి.

పటాన్‌చెరు మండలం కర్దనూర్ గ్రామ కాపురస్తుడు, జోగిపేట ఎడ్ల అంగడిలో చాలా ఏళ్లుగా దళారీ వృత్తిలో ఉన్న సోమయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మందుల దుకాణమునందు స్వేచ్ఛా విపణి అమలు కావడం లేదనియు, బేరమాడిన అర్జీదారు మీదికి పోలీసు వారిని పిలిపించిరనియు ఫిర్యాదు.

1. నా భార్య రాజవ్వకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. పూటపూటకూ గోలీ వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదని పెద్ద డాక్టరు గారి ఉత్తర్వు. ఆ గోలీ ధర ఈ ఏడాదిలోనే రెండుసార్లు పెరిగింది. తమరికి జాలి కలగాలని ఈ సంగతి రాయడం లేదు. ఫిర్యాదుకు మూలం ఇదే కనుక రాస్తున్నాను.

2. పోయిన నెల పటాన్‌చెరులో ఒక ఫంక్షన్ హాలులో మందుల ధరల మీద సభ జరిగింది. భోజనం ఉందంటే నేనూ హాజరయ్యాను. పట్నం నుంచి వచ్చిన శ్రావణ్‌కుమార్ గారనే ఆర్థిక పండితులు ఉపన్యసించారు. సర్కారు ధర కట్టేస్తే కంపెనీవాళ్లు ఆ మందు చేయడమే మానుకుంటారన్నారు. లాభం లేకపోతే కొత్త మందు ఎవరూ కనిపెట్టరన్నారు. అమ్మేవాడూ కొనేవాడూ కూర్చొని ఒప్పుకున్నదే సరైన ధర, మధ్యలో మూడోవాడికి పని లేదన్నారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఎద్దుకు సర్కారు ధర కట్టిన నాడు అంగడిలో ఎద్దన్నది కనబడదని నాకు తెలుసు. మూడోవాడి మాట దగ్గర మాత్రం, దళారిని కనుక, కొంచెం నొచ్చుకున్నాను.

3. ఆ ఉపన్యాసాన్ని మర్నాడే అమలులో పెట్టితిని. రాజవ్వను వెంటబెట్టుకొని మందుల షాపు నరసింహమూర్తి గారి వద్దకు వెళ్లాను. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. మా అంగడిలో ధర నలుగురిలో పైకి చెప్పుకోము. తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని చెప్పుకుంటాము. ఆ ప్రకారమే ఆయన చేతి మీద నా తువ్వాల కప్పి వేళ్లు పట్టుకున్నాను.

"ఏందయ్యా ఇది? చెయ్యి ఇడువు!" అన్నారు.

"బేరం సేటూ. మీరొక మాట చెప్పుండ్రి, నేనొక మాట చెప్త."

"ధర డబ్బ మీదనే ఉన్నది, కనవడ్తలేదా?"

"చెప్పుడు వేరు, ఇచ్చుడు వేరు సేటూ. అంగడిల చెప్పిన ధరకు ఎవరన్న కొంటరా?"

ఆయన ఠాణాకు ఫోన్ చేశారు. కానిస్టేబుల్ గారు వచ్చి, ఇంకోసారి పరాయి మగాడి చెయ్యి పట్టుకుంటే బాగుండదని హెచ్చరించి, తువ్వాలను జప్తు చేశారు. అది ఇంకా ఠాణాలోనే ఉంది.

4. ఒక ఎడ్ల జత నచ్చకపోతే పక్క జత చూడటం అంగడి ధర్మం. అందుకని వేరే కంపెనీ గోలీ ఇమ్మన్నాను. డాక్టరు గారు రాసిన పేరు తప్ప ఇవ్వమని షాపువారు. ఆ షాపులో దొరికే పేరే రాశానని డాక్టరు గారు. ధర సంగతి షాపులో అడగమని కంపెనీ ఫోను. ఎద్దయితే నోరు తెరిచి పళ్లు చూస్తాను, నాలుగడుగులు నడిపించి చూస్తాను. గోలీని ఏం చూడాలో పండితులు సెలవివ్వలేదు.

5. అసలు ఫిర్యాదు ఇది. బేరంలో కొనేవాడికి ఉన్న బలమంతా లేచిపోవడంలోనే ఉంది. కుదరదని లేచి నడిస్తే వెనకనుంచి పిలుస్తారు. ఆ రోజు షాపులో కానిస్టేబుల్ గారు పోయాక నేనూ అట్లాగే లేచి నడిచాను. నరసింహమూర్తి గారు పిలవలేదు. బయట రాజవ్వ దగ్గుతూ ఉంది, ఆయన ఆమెనే చూస్తున్నారు. కొనేవాడి అవసరం అమ్మేవాడి కంట పడ్డాక ఇక బేరమెక్కడిది? నేనే వెనక్కి వెళ్లి చెప్పిన ధరకు కొన్నాను. నా వృత్తి మొత్తంలో ఎన్నడూ అంత సిగ్గుపడలేదు, ఏడుపు కూడా వచ్చింది.

కావున తమరు ధర కట్టవలసిన పని లేదు. డాక్టరు చీటీలో మందు అసలు పేరు రాయించి, అది చేసే కంపెనీలన్నిటి ధరలూ షాపు గోడకు కట్టించిన చాలు, మిగతాది నేను చూసుకుంటాను. అట్లా వీలుపడనిచో దీనిని విపణి అని పిలవరాదని ఉత్తర్వులు ఇప్పించి, మా అంగడి పరువు కాపాడవలెను. తువ్వాలను కూడా వాపసు ఇప్పించవలెను. ఈ అర్జీని ఫైలులో పెట్టేముందు ఒక్కసారి చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇప్పటికీ స్వేచ్ఛా విపణి పక్షమే అయిన,
సోమయ్య

తా.క. అర్జీ మడిచి కవరులో పెడుతుండగా రాజవ్వ అన్నం పెట్టింది. గోలీ వేసుకున్నావా అని మామూలుగా అడిగాను. వారం నుంచి వేసుకోవడం లేదట. సభలో విన్నవీ, మా అంగడి బేరం సూత్రాలూ నేను రోజూ ఆమెకు చెప్పిన మాట నిజమే.

"కొనేటోళ్లు లేచిపోతే ధర దిగుతదని నువ్వే అంటివి గద. నువ్వు లేచినట్టే లేచి మల్ల వోయి కొన్నవ్. గందుకే నేను లేచిన. దిగినంక ఏసుకుంట" అంది. ఆ నాలుగు మాటలకే మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

బతిమాలాను, తిట్టాను, నేను చెప్పిందంతా తప్పన్నాను. వినడం లేదు. సారూ, జెర జల్దీ ఒక్క కాగితం పంపండి. గోలీ ధర సగానికి దిగిందని రాసి, కింద గుండ్రటి ముద్ర వేయండి. అబద్ధమైనా సరే, సర్కారు ముద్ర అంటే నమ్ముతుంది. మిగతా సగం నేను కట్టుకుంటాను, ఆమెకు మాత్రం చెప్పకండి.