గింజ తీసిన చింత

అక్కా, వందనాలు. నీ చెల్లెలు రాజమ్మ రాస్తున్నాను.

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి పదమూడు నెలలయింది. మేమంతా బాగున్నాం. ఆ మాట రాసి, నిజంగా బాగున్నామా అని పెన్ను పక్కన పెట్టి ఒకసారి ఆలోచించుకున్నాను... బాగానే ఉన్నాం. నా సంగతి నీకు తెలియనిది కాదు కదా.

ఇవి నువ్వు నేర్పిన అక్షరాలే. కాగితాలు మాత్రం నా మనవరాలు ఎస్తేరు పాత నోటుబుక్కులోవి. తప్పులుంటే అక్కడి నుంచి దిద్దలేవులే అన్న ధైర్యంతో రాస్తున్నాను.

నువ్వు పోయాక పుంగనూరులో మన గది ఖాళీ చేసి, మదనపల్లెకు కూతురు కరుణ ఇంటికి వచ్చేశాను. అక్కా, ఈ ఇంట్లో ఎవరూ నడవరు, అందరూ పరుగెత్తుతారు. అల్లుడు డేవిడ్ తెల్లవారకముందే టమోటా మార్కెట్టుకు పోతాడు. కరుణకు ఆసుపత్రిలో ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం సాయంత్రం డ్యూటీ. కుక్కరు కూస్తుంటే ఒకరు, ఇస్త్రీపెట్టె కోసం ఒకరు. కుటుంబ ప్రార్థన కూడా గడప దగ్గరే, భుజాన సంచి, కాళ్ళకు చెప్పులు. ఆమేన్ అనేలోపు స్కూటర్ స్టార్టయి ఉంటుంది.

నాకు గుండెల్లో రాయి పడింది. ఈ ఇల్లు ఏమైపోతుందో అని... కాసేపు కూర్చుని ప్రార్థన చేసుకోకూడదా అని కరుణను అడిగితే "కూసుండేదానికి టైం యాడుండాదమ్మా?" అని నవ్వి పోయింది. నవ్విందా, విసుక్కుందా? ఆ వారమంతా అదే ఆలోచించాను.

దాని మీద ఇంకొకటి వచ్చి పడింది. అది చెప్పాలనే ఈ జాబు.

ఎస్తేరుకు కుప్పంలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. వారంలో చేరాలన్నారు, హాస్టల్లో ఉండాలన్నారు. అమ్మానాన్నలు సరే అన్నారు. అది మాత్రం "అవ్వ సరే అంటేనే పోతా" అని కూర్చుంది. ఎందుకన్నదో నీకు తెలుసు. కరుణకు ఇదే చదువుకు పిలుపు వచ్చినప్పుడు నేను మూడు రోజులు అన్నం మాని, ఏడ్చి ఆపేశాను కదా. నువ్వు అడ్డం పడి మరుసటి ఏడు పంపించావు. ఆ ఏడు ఎందుకు పోగొట్టావమ్మా అని కరుణ ఇంతవరకూ అడగలేదు. అడగదు గనుకనే నాకు గుచ్చుకుంటుంది.

మళ్ళీ నా నోటి మాట మీదే ఒక పిల్ల బతుకు... నేనేం చెప్పాలక్కా అని నిన్నే అడుగుతూ తిరిగాను.

నువ్వుంటే ఏమనేదానివో అని వెతుక్కుంటుంటే ఆ చింతపండు బుట్ట గుర్తొచ్చింది. నవ్వుతున్నావా?

మా ఆయన పోయాక నీ దగ్గరికి వచ్చిన కొత్త. పేరుకు విశ్వాసినే గానీ అంతవరకూ ఆదివారం కూడా కూలికి పోయినదాన్ని, గుడిలో చెప్పే మాటలు నాకేం తెలుసు? ఆ పొద్దు పాస్టరయ్య మీ చింతంతా తెచ్చి ప్రభువు మీద వేయండి అన్నాడు. వచ్చేవారం కోతపండగ, ఎవరి పంట వాళ్ళు తెచ్చి కానుక పెట్టాలి అని కూడా చెప్పాడు. మనమేమో ఇద్దరం చింతపండు మండీలో కూర్చుని గింజ తీసే మనుషులం. నేను రెండూ కలిపేసుకున్నాను. ఏడాదికని దాచుకున్న చింతపండు మొత్తం బుట్టకెత్తి, పండగనాడు తీసుకుపోయి ప్రభువు బల్ల ముందు పెట్టి, "అయ్యా, మా ఇంట్లో ఉన్న చింతంతా ఇదే" అన్నాను.

గుడి గుడంతా నవ్వింది. ఆ రోజు నుంచి నాకు చింత రాజమ్మ అని పేరు పడింది. నేను చెంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చేస్తే నువ్వు వెనకాలే వచ్చావు.

"నవ్వుకోనీలే మే. చెప్పింది చెప్పినట్టు చేసింది నువ్వొక్కదానివే. మేమందరం మా చింతలు మళ్ళా ఇంటికి మోసుకొని పోతాండాము."

అంతటితో ఊరుకున్నావా? నా చెవి దగ్గరికి వచ్చి, "గింజలన్నా తీసి తేకూడదా మే! దేవుని పళ్ళు ఇరిగిపోవా?" అన్నావు. ఏడుస్తున్నదాన్ని పక్కున నవ్వేశాను.

మరుసటి రోజు మండీలో కూర్చున్నప్పుడు నువ్వు చెప్పిన మాట ఇప్పటికీ వినబడుతుంది. "సూడు మే, బిడ్డ మీద నీకుండే ప్రేమ ఉండాది సూడు, అది పండు. దాన్ని ఉంచుకో. ఏమైతాదో ఏమో అనే భయముండాదే, అది గింజ. గింజతో పులుసు కాస్తే ఎవురు తింటారు?"

ఇంకొకటి కూడా అన్నావు. "పని నిలిచినాక ప్రార్థన చేద్దామంటే పని నిలిచేది మనం సచ్చినాకే. ఒక్కో గింజకు ఒక్కో పేరు చెప్పుకో. అది తట్టలో పడిన సద్దే ఆమేన్."

నువ్వట్లా ఎంతమంది పేర్లు చెప్పుకునేదానివో... రోజుకు ఎన్ని గింజలు తీశామో ఎవరు లెక్కపెట్టారు?

పోయిన నెల ఒక సోమవారం అందరూ పనులకు పోయాక, పెరటి మెట్టు మీద చింతపండు వేసుకుని కూర్చున్నాను. కరుణ మోకాళ్ళ నొప్పి, ఒక గింజ. డేవిడ్ స్కూటర్ బ్రేకులు, ఒక గింజ. తర్వాతవన్నీ ఎస్తేరువే. కుప్పంలో నీళ్ళు పడతాయో లేదో, జ్వరమొస్తే ఎవరు చూస్తారో, హాస్టల్ గోడ ఎత్తుగా ఉంటుందో లేదో, సంగటి లేకుండా బతుకుతుందో లేదో... అన్నీ ఒక్కొక్కటే టక్కు టక్కుమని తట్టలో పడ్డాయి.

ఒకటి మాత్రం రాలేదక్కా. చేతిలో పండు అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయాను.

రోజూ సాయంత్రం ఎస్తేరు కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విసిరేసి "అవ్వా, టీ" అని అరిచేది. నువ్వు పోయాక ఈ ఇంట్లో నేను నోరు విప్పి మాట్లాడేది ఆ ఒక్క గంటే. ఆ అరుపు లేకపోతే నేనేం కావాలి? అదీ నా లోపలి గింజ. ఇన్ని రోజులూ పిల్ల కోసం భయమనుకున్నాను. నా కోసమే... అప్పుడు కరుణను ఆపింది కూడా ఇందుకేనా? ప్రభువుకు చెప్పుకోవడానికి సిగ్గేసింది. నీకు చెప్పుకోవడానికి వేయలేదు. ఆయనకు ముందే తెలుసులే అని, ఆ గింజకు నా పేరే చెప్పుకున్నాను. రాజమ్మ. కాసేపటికి అదీ పడింది.

సాయంత్రం టీ గ్లాసు చేతికిచ్చి, "పో పాపా, బాగా చదువుకో" అన్నాను. అది టీ పక్కన పెట్టి నన్ను వాటేసుకుంది. కరుణ డ్యూటీ నుంచి వచ్చి ఆ మాట విన్నది. నా పక్కన కింద కూర్చుంది. చెప్పులు విప్పి మరీ కూర్చుందక్కా, చాలాసేపు.

పెట్టె సర్దేటప్పుడు గింజ తీసిన చింతపండు ముద్ద చేసి, గుడ్డలో చుట్టి బట్టల అడుగున పెట్టాను. హాస్టల్ కూడు చప్పగా ఉంటుంది కదా. ఎస్తేరు చూసేసి, "ఏమవ్వా, నీ చింతంతా నా పెట్టెలో వేస్తాండావా?" అంది. అచ్చం నీ నోరే దానికి.

కరుణకు సెలవు దొరకలేదు. ఎవరు తీసుకుపోయారనుకున్నావు? నేనే! బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీలోంచి మన మండీ వాసన పుల్లగా వచ్చింది. పిల్ల చేయి పట్టుకుని అటే చూస్తూ కూర్చున్నాను. కుప్పంలో హాస్టల్ గోడ ఎత్తుగానే ఉంది. దిగబెట్టి, పలమనేరులో బస్సు మారి, ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. నేను! మార్కెట్టుకు పోవాలంటే నీ కొంగు పట్టుకున్న మనిషిని.

గేటు దగ్గర ఎస్తేరు "ఇల్లు చేరినాక ఫోన్ చెయ్యవ్వా, నాకు బయంగా ఉండాది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చూశావా, చింత దానికీ అంటుకుంది. నేను చెప్పులు విప్పకముందే ఫోను మోగింది. అదే!

ఇప్పుడు గడప దగ్గర ప్రార్థనకు నేను గొణగడం లేదు. సంచి భుజాన ఉన్నా, ఒక్కొక్కరం ఒక్కో పేరు చెప్పి ఆమేన్ అంటాం. కరుణ రోజూ ఎస్తేరు పేరు చెబుతుంది. నేను ఒక్కోరోజు నీ పేరు చెబుతాను. నువ్వక్కడ సుఖంగానే ఉంటావు, అయినా చెబుతాను. తప్పా?

చింత లేదని చెప్పను. ఇది రాసేటప్పుడే గ్యాస్ కట్టేశానా లేదా అని రెండుసార్లు లేచి చూశాను. కట్టేసే ఉంది.

ఈసారి కోతపండగకు పుంగనూరు గుడికి వస్తానక్కా. బుట్ట కూడా తెస్తాను. కూర్చుని, పేర్లు చెప్పుకుని, గింజలు తీసే తెస్తాను. ఒకటో రెండో మిగిలిపోయి ఉంటే... నవ్వుకో.

నీ చెల్లెలు
చింత రాజమ్మ