దిద్దని ఫొటో

అక్కా,

నేను పంపిన మా పాప ఫొటోకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టావని బావ చెప్పాడు. నీకు దండం పెడతాను, దాన్ని దించెయ్యి. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

అందులో ఉన్న పెదవి పాపది కాదు, నేను కంప్యూటర్లో దిద్దింది. పుట్టుకతోనే దాని పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. ఇరవై ఏళ్లుగా స్టూడియోకి వచ్చినవాళ్ల మచ్చలు చెరిపిన చెయ్యి కదా, ఎవరూ అడక్కుండానే అటు వెళ్లిపోయింది. నాలుగు నెలలు నీ దగ్గర దాచాను. తిడితే తిట్టు. నీ మరదలు మాత్రం తిట్టలేదు. ఆ ఫొటో చూసి, "ఈ పిల్ల ఎవరండీ?" అంది, అంతే.

సోమవారం ఆపరేషన్. పెదవి కలిపి కుడతారట, ఇక పాలు సుఖంగా తాగుతుందట. డాక్టరమ్మ భయపడొద్దంది. భయం కాదుగానీ, ఒక బెంగ. ఇప్పుడది నవ్విందంటే ఆ చీలిక కూడా విచ్చుకుని మొహమంతా నవ్వైపోతుంది. సోమవారం తర్వాత ఆ నవ్వు ఉండదు.

అందుకే నిన్న వాళ్లమ్మ ఒళ్లో ఉండగా తీశాను. ఎక్కడా చెయ్యి పెట్టలేదు. దీంతోపాటు పంపుతున్నాను, ఆ ఫ్రేములోకే సరిపోతుంది. వచ్చినవాళ్లు ఏమైందని అడిగితే, మా మేనకోడలు నవ్వుతోందని చెప్పు.

నీ తమ్ముడు