తప్పు తేదీ

ప్రియమైన అక్కా,

మీ ఆసుపత్రిలో నువ్వు పనిచేసే జనన మరణాల నమోదు గదికి నేను రాసిన ప్రోగ్రాం పంపిస్తున్నాను, కంప్యూటర్లో ఎక్కించుకో. తప్పు నొక్కితే చప్పగా 'చెల్లదు' అనకుండా నీ తిట్లే పెట్టాను. ఫోన్ నంబరు గడిలో అక్షరాలు కొడితే "కళ్ళు నెత్తికెక్కాయా?" అంటుంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ గడులు రెండింట్లోనూ ఒకే తేదీ కొట్టేస్తున్నారని మొత్తుకున్నావుగా, అలా కొడితే "పుట్టిన రోజే ఎవరైనా పోతారా? బుర్ర పెట్టి చూడు!" అని ఎర్రగా వస్తుంది. మార్చేదాకా సేవ్ కాదు.

నీకిది ఎనిమిదో నెల, బరువులెత్తకు తల్లీ.

నీ తిట్లు తిని పెరిగిన,
తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

తిట్లకి గదంతా పడీ పడీ నవ్వారు. ఒక్కటి మార్చాలి. పుట్టిన రోజే పోయే పిల్లలుంటారు రా. మొన్న ఒక తల్లి కౌంటరు దగ్గరుండగానే ఆ ఎర్ర మాట వచ్చింది. ఆవిడ చదివింది. ఎంతకీ సేవ్ కాకపోతే పోయిన తేదీని మర్నాటికి మార్చి కొట్టారు.

ఆ నిబంధన తీసెయ్.

అక్క

*

అక్కా,

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇకమీదట రెండు తేదీలూ ఒకటైనా తీసుకుంటుంది. వెటకారాలన్నీ పీకేసి, "దయచేసి తేదీలు మరోసారి చూడండి" అని పెట్టాను. ఆవిడ నమోదు సంఖ్య పంపు, ఆ తప్పు తేదీ నేనే సరిచేస్తాను. కనిపిస్తే క్షమించమన్నానని చెప్పు.

నీ గురించి ఒక్క ముక్కా రాయలేదేం? బావ ఫోనెత్తడం లేదు. నాకు భయంగా ఉంది.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

ఆ తల్లిని నేనే రా.

ఆడపిల్ల. పొద్దున పుట్టింది, మధ్యాహ్నానికి పోయింది. వారం తర్వాత మరణ నమోదు కాగితం కోసం, మీ బావ వద్దంటున్నా నేనే వెళ్ళాను. తోటి గుమాస్తాకి చేతులాడకపోతే, ఆవిణ్ణి జరగమని నేనే కొట్టాను. నా తిట్టు నాకే తగిలింది. నువ్వు కుమిలిపోకు, ఆ నిబంధన అడిగిందే నేను.

ఒక్క తేదీ తప్పు పడితే గది అదిరేలా అరిచేదాన్ని, తెలిసి తెలిసి తప్పు కొట్టాను. కంప్యూటరు మారుమాట్లాడకుండా తీసుకుంది. కాగితం బయటికొచ్చింది. వయసు దగ్గర 'ఒక రోజు' అని ఉంది.

ఓసారి రా, నీ దగ్గర ఏడవాలి. కానీ ఆ సంఖ్య మాత్రం అడక్కు. మిగతా తల్లులందరికీ సరిచెయ్, నా దాన్ని ముట్టుకోకు. ఆ కాగితం ప్రకారం నా కూతురు ఒక రాత్రి నా పక్కన పడుకుంది.

నీ అక్క