నేరేడు చెట్టు కోసెయ్యమన్నది నేనే

ఖమ్మం జిల్లా పెనుబల్లి మండలంలో, అడవి అంచున నాలుగెకరాల పండ్లతోటలో ఉంటున్న చెంచురామయ్య అనే నేను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి వ్యవసాయం, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. నాకు షుగరుంది, ఎడమ చెవి సరిగా వినపడదు. మతికి మాత్రం ఏ జబ్బూ లేదని డాక్టరు కాగితం ఇచ్చాడు, జత చేశాను. ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి పెట్టేంత దగ్గరగా ఎవరూ రావడం లేదు కూడా. ఇదివరకు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. నా భార్య హైమ 2017 జూలై 19న కాలం చేసింది. మాకు ఇద్దరు సంతానం: కొడుకు ఉదయ్ భాస్కర్, కూతురు లిఖిత. ఈ వీలునామాను అమలు జరపవలసినవాడు సత్తుపల్లిలో దస్తావేజులు రాసే వీరబాబు. మాట తక్కువ మనిషి కాబట్టి అతన్ని పెట్టుకున్నాను.

2. ఖమ్మంలోని ఇల్లు, కింది షాపుతో సహా, ఉదయ్ భాస్కర్‌కు చెందుతుంది. తోటను ప్లాట్లు చేద్దాం నాన్నా అని వాడు మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ నేను టీవీ సౌండు పెంచాను. తోట వాడికి లేదు. అది నా స్వార్జితం, నా ఇష్టం వచ్చినవారికి ఇచ్చుకునే సర్వహక్కులూ నాకున్నాయి.

3. హైమ నగలన్నీ లిఖితకు. వాటితోపాటు అటక మీదున్న ఇరవై రెండు వెదురుబుట్టలు కూడా.

ఆ బుట్టల సంగతి పిల్లలు మర్చిపోయి ఉంటారు, అందుకని రాస్తున్నాను. 2012లో ఈ తోటను ఆదివారాలు జనానికి తెరిచింది హైమ. ఖమ్మం, కొత్తగూడెం నుంచి కుటుంబాలు కార్లలో వచ్చేవి. గేటు దగ్గర పిల్లాపెద్దా ఒక్కొక్కరికీ ఒక బుట్ట. జామ, రేగు, నేరేడు, ఏ కాలానికి ఏది ఉంటే అది ఎవరి చేత్తో వాళ్లు కోసుకోవడం. తోటలో తిన్నదానికి లెక్క లేదు, బయటికి తీసుకెళ్లేదానికే డబ్బు. మన తోటను మనమే దోపిడీకి ఇస్తున్నామే అని నేను సణిగేవాణ్ణి. ఒకసారి ఒక పిల్ల జామకాయ పట్టుకుని, దీనికి స్టిక్కరేది ఆంటీ అని అడిగింది. హైమ అక్కడే కూలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం తోట తెరిచి ఉంచానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు.

4. పండ్లు కోసే పొడుగాటి దోటి లిఖిత కూతురికి. ఆ పిల్లకి అందనిదే కావాలి ఎప్పుడూ.

5. 2015లో రేగుపండ్ల కాలంలో తన తెల్లకారు మీదికెక్కి చెట్టు ఊపి, సగం పండ్లు కాళ్లకింద తొక్కించి, పైగా పులుపని వంక పెట్టి వెళ్లిన బోనకల్ పెద్దమనిషికి ఏమీ లేదు. పేరు తెలిస్తే పేరు పెట్టి మరీ రాసేవాణ్ణి.

6. గేటు మీది బోర్డు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు, హైమదీ ఆ వైపే. మేం పండ్లు కోస్తామంటాం. ఇక్కడివాళ్లు తెంపుతామంటారు. వీళ్లకి కొయ్యడమంటే కత్తో రంపమో ఉండాలి. బోర్డు మీద నేను "మీరే కోసుకోండి" అని రాయించాను. మొదటి ఆదివారమే జూలూరుపాడు నుంచి ఒక కుటుంబం రెండు కొడవళ్లతో దిగింది. మా తోటలో పనిచేసే సీతయ్య అప్పుడే చెప్పాడు, "గిక్కడ తెంపుడంటరు సారూ, మాట మార్పియ్" అని. బోర్డు నాది, మాట నాది, నువ్వెవడివి అన్నాను. నేను పోయాక వారంలోగా ఆ బోర్డు మీద "తెంపుకోండి" అని రాయించాలి.

7. ఇది సీతయ్య గురించి. దీన్ని ఒక్క అక్షరం మార్చకుండా చదవాలి.

సీతయ్య పక్క గూడెం మనిషి. పదహారేళ్లు మా దగ్గర చేశాడు. 2017 జూలైలో హైమ ఖమ్మంలో దవాఖానాలో ఉంది. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండని చెప్పారు. ఆదివారం తోటకు వెళ్దామండీ, నేరేడుపండ్లు తినాలనుంది అంది. చెయ్యి ఎత్తే ఓపిక లేదు తనకి. ముందే కోయించి బుట్టలు ఎదురుగా పెడదామని సీతయ్యకు ఫోన్ చేశాను. నేరేడు చెట్టు కోసెయ్, ఆదివారం అమ్మ వస్తోంది అన్నాను. "మొత్తం కోసుడేనా సారూ?" అని అడిగాడు. మొత్తం, ఏమీ మిగల్చకు అని పెట్టేశాను.

ఆ చెట్టు కొమ్మలు కరెంటు తీగకు తగులుతున్నాయని లైన్‌మన్ అంతకుముందు నెల నుంచీ గొడవ చేస్తున్నాడు. సీతయ్యకు అదే గుర్తొచ్చింది. రంపం కిరాయికి తెచ్చి చెట్టు కోసేశాడు.

మేం వెళ్లేసరికి చెట్టు నేలమీద పడుంది. "నువ్వే కోసెయ్యమంటివి గద సారూ" అన్నాడు. నాకు ఆ క్షణమే అర్థమైంది. తర్వాత కాదు, ఆలోచించాక కాదు, అప్పుడే. కానీ కారులో హైమ కూర్చుని ఉంది, అద్దం దించి ఉంది. నా నోటి మాటతోనే తన చెట్టు పోయిందని తనకి తెలియకూడదనుకున్నాను. కలప అమ్ముకోవడానికి నరికావురా దొంగవెధవా అని సీతయ్య మీద చెయ్యి చేసుకున్నాను. అతను చెంప పట్టుకుని కారు వైపు ఒకసారి చూశాడు. మళ్లీ నోరెత్తలేదు.

హైమను కుర్చీలో ఆ కొమ్మల మధ్య కూర్చోబెట్టాం. చిటారుకొమ్మ పండ్లు ఒడి దగ్గరికొచ్చాయి. పదకొండు తింది. ఎప్పుడూ అందని పండ్లండీ ఇవి, సీతయ్యని ఏమీ అనకండి అంది. పదో రోజున పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

తను పోయాకైనా నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అబద్ధం ఆడి ఆడి అలవాటైపోయింది. టీకొట్టు దగ్గర, ఎరువుల షాపులో, అడిగినవాడికీ అడగనివాడికీ సీతయ్య దొంగ అని చెప్పాను. చుట్టుపక్కల తోటల్లో అతనికి పని పుట్టలేదు. జామాయిల్ నరికే కూలికి దూరం పోయాడు. 2023 మే నెలలో అక్కడే వడదెబ్బ తగిలి చనిపోయాడు. కబురు తెచ్చినవాడితో సరే అన్నాను. చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. చూడటానికి వెళ్లలేదు.

సీతయ్య దొంగ కాదు. చెట్టు కోసెయ్యమన్నది నేనే.

8. కావున నాలుగెకరాల తోట, బోరు, మోటారు, రేకుల షెడ్డు సమస్తం సీతయ్య భార్య ఎర్రమ్మకు, ఆమె తదనంతరం కూతురు దుర్గకు చెందాలి. తోట తెరిచి ఉంచాలని షరతు పెట్టడం లేదు. చెట్లన్నీ కొట్టించి పత్తి వేసుకున్నా అడిగే హక్కు నా పిల్లలకు లేదు.

9. ఏడో అంశాన్ని వీరబాబు ఒక ఆదివారం గేటు దగ్గర, గూడెం వాళ్లందరూ వినేలా, గట్టిగా చదవాలి. బతికుండగా నేనే చెబుదామని మూడుసార్లు ఎర్రమ్మ ఇంటికి వెళ్లాను. మూడుసార్లూ మంచినీళ్లు తాగి తిరిగొచ్చాను.

కొట్టివేత వివరం: తొమ్మిదో అంశం చివర ఒక వాక్యం కొట్టివేయబడింది. ఆ వాక్యం: "ఎర్రమ్మ నన్ను క్షమిస్తుందన్న నమ్మకంతో పోతున్నాను." సంతకం పెట్టేముందు ఈ రోజు ఎర్రమ్మను పిలిపించి, సాక్షుల ఎదుట మొత్తం నేనే చదివాను. ఆమె అరుగు మీద కూర్చుని చివరిదాకా విన్నది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత ఇలా అన్నది: "తోట బిడ్డకు రాస్తే రాయి, వద్దనను. గా ఆఖరు మాట కొట్టెయ్. మాఫ్ చేసుడు నాదెట్లయితది? నువ్వు ఆయన కాడికే పోతున్నవ్ గద సారూ, ఆయన్నే అడుగు."

కొట్టివేశాను. కొట్టివేత పక్కన నా పొట్టి సంతకం ఉంది.

తేది: 16 నవంబరు 2025, ఆదివారం.

(సంతకం) చెంచురామయ్య

సాక్షులు:
1. జంపయ్య, రిటైర్డ్ పోస్ట్‌మన్
2. హీరాలాల్, పండ్ల వ్యాపారం