పదో నంబరు తీగలు

మార్చి 8, ఆదివారం

ఆరాధన మధ్యలో మూడో తీగ టప్పున తెగింది. శామ్యూల్ అన్న పాట ఆపకుండానే కీబోర్డు మీదుగా బిస్కట్ డబ్బా నావైపు జరిపాడు. మా చర్చిలో ఏ తీగ తెగినా మందు ఆ డబ్బాలోనే. ఎవరెవరి గిటార్ల నుంచో తీసి దాచిన పాతవి... ఏది చేతికి తగిలితే అది. నా గిటారుకిప్పుడు ఆరు తీగలు, ఆరు ఊళ్ల చుట్టాలు.

"లావుదె ఎయ్యి చెల్లె. లావుగుంటెనే సౌండ్ వస్తది." కొయిరు, అంటే పాటల బృందం, నడిపేది ఆయన. మా చేవెళ్ల సంఘంలో ఆయన మాట పదకొండో ఆజ్ఞ.

పోతూ పోతూ ఇంకో మాట. "ఈస్టర్ పొద్దుగాల సమాధుల తోటల మైకు ఉండదు. నీ గిటారు ఇనరాకుంటె ఫోన్ల రికార్డు ట్రాక్ పెడ్త."

ట్రాకట, ట్రాకు! పెళ్లి కాకముందు నుంచీ ఆ తెల్లవారుజాము పాటకు వాయించేది నేను.

మార్చి 10

ఎఫ్ పట్టు పడటం లేదు — చూపుడువేలితో ఆరు తీగలూ ఒక్కసారే నొక్కి పట్టాలి దానికి. వానాకాలంలో వచ్చిన చికున్‌గున్యా జ్వరం పోయింది గానీ, వేళ్ల కణుపుల్లో కిరాయికి దిగి కూర్చుంది. గట్టిగా నొక్కితే నొప్పి, కాస్త వదిలితే తీగ జర్రుమంటుంది.

అవ్వ చూసింది, కన్నతల్లి ప్రాణం కదా. "ఇడ్సిపెట్టరాదె బిడ్డ. వేళ్లు పోతయ్."

వదలను. అంతే.

మార్చి 13

మొయినాబాద్ బస్టాపు దగ్గరి దుకాణంలో అన్నిటికన్నా సన్నవి ఏవంటే అవి ఇమ్మన్నాను. ఇచ్చాడు. ప్యాకెట్ మీద తొమ్మిది — అంకె తగ్గేకొద్దీ తీగ సన్నం. ఇంటికి రాగానే బిగించాను. ఎఫ్ వెన్నలా పడింది! ఎగిరి గంతేసి మీటితే... ఉపవాసం ఉన్న దోమ. పక్క గదిలోకి కూడా పోదు.

మార్చి 16, సోమవారం

కాలేజీలో భోజనాల వేళ సునీత మేడమ్ నేను పనిచేసే లైబ్రరీకి వచ్చారు. గుడివాడ మనిషి, కంప్యూటర్లు చెబుతారు, ఫెస్ట్‌లో పిల్లలతో సమానంగా గిటారు వాయిస్తారు. ఖాళీ ప్యాకెట్ చూపించాను. నవ్వారు — వెక్కిరింపు లేదు.

"ఇవి కరెంటు గిటారువి, రూతు గారూ. మీ గిటారుకి కంచు చుట్టినవి కావాలి. అది సరే, మీరు పిక్ బిళ్లతో వాయిస్తారా, వేళ్లతోనా?"

ఇన్నేళ్లలో ఒక్కరు అడిగారా ఈ మాట!

"వేళ్లతోనే మేడమ్. పిక్కు నా చేతుల నిలవది."

"మరి అంత లావువి ఎందుకండీ? మీ గిటారుది చిన్న పెట్టె. లావు తీగలు లాగిపట్టి దాని నోరు నొక్కేస్తాయి. గట్టిగా బాదేవాళ్లకి, పెద్ద పెట్టెలకి అవి. మీరు కంచులోనే పదో నంబరు వేసుకోండి. ఆరూ ఒక్కసారే మార్చాలి సుమా. శ్రుతి అర మెట్టు దించితే వేళ్లకి ఇంకాస్త సుఖం."

ఫోన్లో ఆర్డరు కూడా ఆవిడే పెట్టారు. అన్నం చల్లారిపోయింది, ఆకలీ లేదు.

మార్చి 21, శనివారం

వచ్చాయి! డబ్బా తీగలన్నీ విప్పేశాను. చెక్క తుడిచాను. ఒక్కో తీగ చుట్టి, లాగి, మళ్లీ శ్రుతి... సన్నది తెగుతుందేమోనని భయం భయంగా.

మొదటి మీటుకే పెట్టె కడుపులోంచి పలికింది. నా చిన్న గిటారుకు ఇంత గొంతు ఉందా! ఎఫ్ పట్టాను. నొప్పి ఉంది — కానీ పట్టు నిలిచింది. నిలిచింది!

అవ్వ వంటింట్లోంచి — "రేడియో పెట్టినవా?"

మార్చి 22, ఆదివారం

శామ్యూల్ అన్న వేలితో తీగ లాగి చూశాడు. "గివి తీగలా, దారాలా?"

డోలకు, కీబోర్డు, నలభై గొంతులు — వాటి మధ్య ఏం వినిపిస్తుంది? వినిపించలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. "చెప్పిన గద."

"సమాధుల తోటల డోలకు ఉండదు గదన్నా. ఆడ ఇన్నంక చెప్పున్రి."

పదకొండో ఆజ్ఞ మీరాను. బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మార్చి 29

మట్టల ఆదివారం. వేళ్లకు వేడినీళ్ల కాపడం, సాయంత్రం సాధన. పలుకుతోంది.

ఏప్రిల్ 5, ఈస్టర్

చీర కూడా మార్చకుండా రాస్తున్నాను.

తెల్లవారకముందే వెళ్లాం. సమాధుల మీద కొవ్వొత్తులు, బంతిపూలు. అన్న ప్రహరీగోడ మీద ఫోనుకు కలిపే చిన్న స్పీకరు పెట్టి ఫోన్ పట్టుకుని సిద్ధం. మా దగ్గర ఆ మొదటి పాట ఎప్పుడూ మెల్లగానే మొదలవుతుంది, నిద్రపోయేవాళ్లను లేపినట్టు. ఆయన మీట నొక్కకముందే నేను మీటాను.

తోట మొత్తం పరుచుకుంది! తీగ తీగా విడివిడిగా. అర మెట్టు దించడంతో ఆడవాళ్లు పై చరణంలో అరవాల్సిన పని లేకపోయింది. గొంతులు మెత్తగా వచ్చి గిటారు పక్కన కూర్చున్నాయి. అన్న ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మూడో చరణంలో జేబులో పెట్టేశాడు. నేను చూశాను. చూసి ఇంకా బాగా వాయించాను, దాచడం ఎందుకు.

అవ్వ ఎక్కడో చివర, బాపు సమాధి దగ్గర. అయిపోయాక కర్ర పొడుచుకుంటూ సీదా అన్న దగ్గరికి వచ్చింది.

"సగం చెవిటిదాన్ని, నాకే ఇనొచ్చింది. నీకు ఇనొచ్చిందా శామ్యూలూ?"

"ఇనొచ్చింది అవ్వా."

గెలిచాను. గెలిచాను. ఇంకోసారి కూడా రాస్తాను — గెలిచాను.

ఏప్రిల్ 6

సునీత మేడమ్‌కు కేకు. నా వేళ్లు పట్టుకుని చూశారు. కళ్లు తడి — ఆవిడవో, నావో.

ఏప్రిల్ 12, ఆదివారం

అన్న ఇంటికే వచ్చాడు. భుజాన కొత్త గిటారు. పెద్దది, కడవంత పెట్టె. ఎండాకాలం సభల కోసం సంఘం కొన్నది.

"స్టేజి మీద నువ్వే వాయించాలె చెల్లె. ఏ తీగలు ఎయ్యాల్నో నువ్వే చెప్పు. నేను అడ్డం రాను." బిస్కట్ డబ్బా కూడా ఇచ్చేశాడు.

అన్న అటు వెళ్లగానే ఒళ్లో పెట్టుకున్నాను. పన్నెండో నంబరు, లావువి, వేసి ఉన్నాయి. మీటితే ఇల్లంతా నిండింది — ఇంత అందమైన మోత నా చేతిలోంచి ఎప్పుడూ రాలేదు. ఎఫ్ పట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి.

మొన్న ఇంకొకటి తెప్పించి పెట్టుకున్న పదో నంబరు సెట్టు పక్కనే ఉంది, కవరు విప్పలేదు. ఆ మోతేమో ఇంకా చెవిలో ఉంది.

మళ్లీ ఒక్కసారి, ఎఫ్...